విజయనగరంలో పాత మిత్రుల కలయికకు హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మహారాజా కళాశాలలో కలిసి చదువుకున్న పద్నాలుగు మంది డిసెంబరు చివరి వారంలో మూడు రాత్రులు కలిసి గడపాలనుకుంటున్నారు. కొందరు దంపతులుగా వస్తున్నారు, ఇద్దరు అమెరికా నుంచి వస్తున్నారు, మరో నలుగురు విజయనగరంలోనే సొంత ఇళ్ళలో ఉంటున్నారు. భోగాపురం తీరాన రిసార్టు తీసుకుందామని ఒకరు, విశాఖలో స్టార్ హోటలే మేలని మరొకరు, చివరి రాత్రి శ్రీకాకుళంలో దిగి అరసవల్లి చూసుకుందామని ఇంకొకరు అంటున్నారు. మీకు మాత్రం ఊళ్ళోనే ఉండాలని ఉంది గానీ, ఊళ్ళో ఏ ప్రాంతమన్నది తేలడం లేదు.

నేను ఈ పట్టణంలో చాలా ఏళ్ళు హోటల్ ఫ్రంటాఫీసులో పనిచేసి, ప్రస్తుతం పెళ్ళి బృందాలకూ యాత్రా బృందాలకూ గదులు కుదిర్చే పనిలో ఉన్నాను కనుక, నా అభిప్రాయం ముందే చెప్పి తర్వాత కారణాలు వివరిస్తాను. ఊళ్ళోనే ఉండండి. అందులోనూ మూడు లాంతర్ల కూడలి, కోట, గంటస్తంభం, ఈ మూడింటికీ కాలినడకన వెళ్ళగలిగే చోట ఉండండి. అందుకోసం గది కొంచెం పాతదైనా, స్నానాల గది కొంచెం ఇరుకైనా సర్దుకోవచ్చు. హోటళ్ళ పేర్లు నేను చెప్పడం లేదు. యాజమాన్యం చేతులు మారితే ఆరు నెలల్లో హోటల్ తీరే మారిపోతుంది, నా మాట పట్టుకుని వెళ్ళినవారు ఇబ్బంది పడతారు. ఎలా ఎంచుకోవాలో తెలిస్తే పేర్లు మీకే దొరుకుతాయి.

పదిమంది కలిసి చేసే విహారంలో పగటి కార్యక్రమాన్ని అందరూ శ్రద్ధగానే వేసుకుంటారు. రామతీర్థానికి ఎన్నింటికి బయలుదేరాలి, తాటిపూడి జలాశయం దగ్గర ఎంతసేపు ఆగాలి అని కాగితం మీద రాసుకుంటారు కూడా. అయితే ఇంతదూరం వచ్చి మీరు కోరుకునేది సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి వరకు సాగే కబుర్లు, పొద్దున్నే ఎవరో ఒకరు తలుపు తట్టి టీకి లాక్కుపోవడం, అనుకోకుండా నలుగురు కలిసి పాత వీధుల్లో నడిచి రావడం. ఈ వేళలు సాఫీగా గడవాలంటే ఎవరికి వాహనం అవసరమవుతుంది, ఎవరికి కాదు అన్న లెక్క చూసుకోవాలి. కారెక్కితే తప్ప బయటికి కదలలేని చోట దిగితే, ఎంత మంచి స్నేహితులైనా రెండో రాత్రికి ఎవరి గదుల్లో వారు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. ఎందుకంటే, “పద, అలా వెళ్ళొద్దాం” అన్న మాటకు నాలుగు కార్లూ ఇద్దరు డ్రైవర్లూ కావలసి వస్తే ఆ మాట ఎవరూ అనరు.

ఈ లెక్కన రిసార్టు సంగతి చూద్దాం. ఐదో రహదారిగా ఒకప్పుడు పిలిచిన నేటి పదహారో నంబరు జాతీయ రహదారి విజయనగరం పట్టణం గుండా వెళ్ళదు. ఆనందపురం, భోగాపురం, రణస్థలం మీదుగా శ్రీకాకుళం వైపు పోతుంది. పట్టణం నుంచి వెళ్ళే రోడ్డు నాతవలస దగ్గర దానిని కలుస్తుంది. బుకింగ్ యాప్‌లో విజయనగరం అని వెతికినప్పుడు ఆ రహదారి పక్కనున్నవీ సముద్రతీరాన ఉన్నవీ కూడా విజయనగరం హోటళ్ళుగానే కనిపించవచ్చు, ఎందుకంటే జిల్లా పేరూ పట్టణం పేరూ ఒకటే. ఫొటోలు చూసి డబ్బు కట్టి, తీరా మ్యాపు తెరిచాక కోట ఎంత దూరమో చూసి తెల్లబోయినవారు నాకు చాలామందే ఫోను చేశారు. రిసార్టులో తప్పేమీ లేదు. అందరూ బయటి ఊళ్ళవారై, పిల్లలతో వచ్చి, సముద్రం తప్ప మరేమీ అక్కరలేని బృందానికి అదే సరైనది. మీ విషయంలో మాత్రం ఊళ్ళో ఉన్న ఆ నలుగురినీ గుర్తుంచుకోవాలి. వారు ప్రతి సాయంత్రం అంతదూరం వచ్చి, చలికాలపు చీకట్లో తిరిగి వెళ్ళాలి. మొదటి రోజు వస్తారు, రెండో రోజు ఎనిమిదిన్నరకే వాచీ చూసుకుంటారు, మూడో రోజు ఏదో పని తగులుతుంది.

విశాఖ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సుమారు అరవై కిలోమీటర్ల దూరం, పైగా డిసెంబరు చివరి వారం అరకు, బీచ్ చూడటానికి వచ్చే పర్యాటకులతో అక్కడి గదుల ధరలు ఎక్కువగా ఉండే కాలం. మీలో ఎవరికైనా అరకు వెళ్ళాలని ఉంటే, శృంగవరపుకోట మీదుగా విజయనగరం నుంచే దారి తక్కువన్న సంగతి కూడా వారికి చెప్పండి.

ఇక పట్టణంలో బృందాలు దిగడానికి పనికొచ్చే ప్రాంతాలు ముఖ్యంగా మూడు. మొదటిది నేను సిఫారసు చేసిన పాత ఊరి నడిబొడ్డు. 1713లో కట్టడం మొదలైన కోట, దాని చుట్టూ అల్లుకున్న కళాశాలలు, మూడు లాంతర్ల దగ్గరున్న పైడితల్లి అమ్మవారి చదురుగుడి, పెద్ద చెరువు, గంటస్తంభం చుట్టూ బజారు, ఇవన్నీ ఒకదాన్నుంచి ఇంకొకదానికి కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోగల దూరంలో ఉన్నాయి. 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల అయిన మీ మహారాజా కళాశాల, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల, గురజాడ వారు నివసించిన ఇల్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. మీ బృందానికి గైడు అవసరం లేదు, ఎవరికి వారే గైడు. పొద్దున్న నడక అలవాటున్నవారు అయ్యకోనేరు గట్టు చుట్టి వచ్చేసరికి మిగిలినవారు లేచి ఉంటారు. సాయంత్రం వేళ మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడినా, ముంతమసాలా పొట్లం పట్టుకుని కోట గోడ వెంట నడిచినా, వెనకబడినవారు తప్పిపోయే ప్రమాదం ఉండదు.

ఇక్కడి ఇబ్బందులు కూడా చెప్పాలి. వీధులు ఇరుకు, కార్లు నిలపడానికి చోటు తక్కువ. మంగళవారం అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో మూడు లాంతర్ల దగ్గర రద్దీ పెరుగుతుంది. రోడ్డు వైపు గదుల్లో పొద్దున్నే బజారు చప్పుడు మొదలవుతుంది. కనుక మీ పద్నాలుగు మందిలో పెందలాడే నిద్రపోయేవారికి వెనక వైపు గదులు అడగండి, ఎలాగూ అర్ధరాత్రి దాకా మేలుకునేవారికి రోడ్డు వైపు గదులు చాలు. దసరా తర్వాత వచ్చే మంగళవారం జరిగే అమ్మవారి సిరిమానోత్సవం నాడు మాత్రం ఈ సలహా పూర్తిగా మారిపోతుంది. పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి సిరిమాను గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం ఆ దారిన వాహనం కదలదు, ముందురోజు జరిగే తొలేళ్ళ ఉత్సవం నుంచే గది దొరకదు, బాల్కనీ ఉన్న గదికి ఎంత అడిగినా ఇచ్చేవారుంటారు. మీరు వచ్చేది డిసెంబరులో కాబట్టి ఆ బాధ లేదు.

రెండోది రైల్వే స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరాలు. హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో ఉండటమే కాక రాయ్‌పూర్ వైపు లైను కూడా ఇక్కడే చీలుతుంది కనుక, మన స్టేషనులో వేళ కాని వేళల్లో దిగేవారు ఎక్కువ. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఒకరు, భువనేశ్వర్ వైపు నుంచి మరొకరు, తెల్లవారుజామున ఇంకొకరు దిగేటట్లయితే, మొదటి రాత్రి వారికి ఈ ప్రాంతమే సుఖం. కానీ ఇక్కడ సాయంత్రాలు గడపడానికి ఏమీ ఉండదు. వచ్చేపోయేవారి హడావిడి, ఆటోల హారన్లు, తాళం చెవి ఇచ్చి డబ్బు తీసుకునే లాడ్జీ వాతావరణం ఉంటుంది. మీలో అధికభాగం రైల్లోనే వస్తున్నా, కోట పక్కనే దిగి స్టేషను నుంచి ఆటో పంపించుకోవడమే నా సలహా.

మూడోది రింగు రోడ్డు, ఊరి అంచులు. కొత్త భవనాలు, వెడల్పాటి గదులు, కార్లకు చోటు, విందులకు హాలు, అన్నీ ఇక్కడ దొరుకుతాయి. దంపతులుగా వచ్చేవారు ఫొటోలు చూసి ఇటే మొగ్గుతారు. రాత్రి పది దాటాక ఆటోలు పలచబడతాయి, నడిచి చేరేంత దూరంలో పాత జ్ఞాపకం ఏదీ ఉండదు. సొంత కార్లలో వచ్చేవారు మీలో సగానికి మించి ఉంటేనే దీన్ని ఆలోచించండి.

ప్రాంతం తేలిన తర్వాత భవనం విషయం. బృందంగా దిగేవారు గది ఎలా ఉందన్నది చూస్తారు గానీ, గది బయట ఏముందన్నది చూడరు. మీకు కావలసింది హోటల్లో ఒక రచ్చబండ. అది లాబీలో ఎదురెదురుగా వేసిన సోఫాలు కావచ్చు, మేడ మీద కుర్చీలు వేయనిచ్చే ఖాళీ జాగా కావచ్చు, రాత్రి పది తర్వాత కూడా దీపాలు ఆర్పని భోజనశాల మూల కావచ్చు. అటువంటిది లేకపోతే అందరూ ఎవరో ఒకరి గదిలో మంచం మీద, నేల మీద కూరుకుని కూర్చోవాలి, ఆ గది వారికి నిద్ర పట్టదు, పక్క గదుల వారు రిసెప్షన్‌కు ఫోను చేస్తారు, పదకొండింటికి కుర్రవాడు వచ్చి తలుపు తట్టి ఇబ్బందిగా నవ్వుతాడు. డిసెంబరు చివర మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. అది ధనుర్మాసం కనుక పెళ్ళిళ్ళు ఉండవు, హోటళ్ళ ఫంక్షన్ హాళ్ళు చాలావరకు ఖాళీగా ఉంటాయి. ఎనిమిది పది గదులు తీసుకునే బృందం అడిగితే, చిన్న హాలును సాయంత్రాలు ఉచితంగానో నామమాత్రపు అద్దెకో ఇవ్వడానికి మేనేజర్లు ఒప్పుకుంటారు. అదే మాఘమాసంలో వచ్చి ఉంటే ఇదే హాలు మీ పాలిట శత్రువయ్యేది, డీజే మోతకు కిటికీ అద్దాలు అదురుతుంటే కబుర్లెక్కడ సాగుతాయి? పెళ్ళిళ్ళ కాలంలో ఎవరు అడిగినా నేను హాలు లేని హోటలే చూపిస్తాను.

ఊళ్ళో ఉన్న మీ మిత్రుల్లో ఒకరిని స్వయంగా వెళ్ళి చూడమనండి, అదీ పగలు కాదు, రాత్రి ఎనిమిది తర్వాత. ఆ వేళకు వెళ్తే జనరేటరు ఎక్కడ పెట్టారో, దాని పొగ ఏ కిటికీలోకి వస్తుందో, కింద బార్ ఉంటే దాని గుమ్మం మీ ఆడవాళ్ళు వచ్చిపోయే మెట్ల పక్కనే ఉందో వేరుగా ఉందో తెలుస్తుంది. లిఫ్టులో బిగించిన చిన్న రేకు చదవమనండి. ఆరుగురు, 408 కిలోలు అని ఉంటే, పెట్టెలతో వచ్చేవారంతా పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారికి మొదటి అంతస్తు అడగడం మర్యాద. వరండాలో నిలబడి గదుల తలుపులు ఎలా ఉన్నాయో చూడమనండి. ఒకే వరండాకు రెండు వైపులా మీ గదులే ఉంటే తలుపులు తెరిచిపెట్టుకుని వచ్చిపోవచ్చు. మూడు అంతస్తుల్లో చెల్లాచెదురుగా ఇస్తే, పక్క ఊళ్ళో దిగినా ఒకటే.

ఈ ఒకే అంతస్తు సంగతి దగ్గరే బేరం బిగుసుకుంటుంది. ఆన్‌లైన్‌లో విడివిడిగా బుక్ చేస్తే మీరు ఒక బృందమని వారికి తెలియదు, ఆ రోజు ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తారు. ధర తెలుసుకోవడానికి యాప్ చూడండి, బుక్ చేయడానికి మాత్రం మేనేజరుతో మాట్లాడండి. “ఒకే ఫ్లోర్ అంటే ముందురోజు దాకా చెప్పలేమండి బాబూ, ఎవరు ఖాళీ చేస్తారో ఎవరు ఉంటారో మాకేటి తెలుస్తాది” అని రిసెప్షన్‌లో ఉన్నాయన అనడం ఖాయం. అప్పుడు గది నంబర్లు వేసి వాట్సాప్‌లో పంపితేనే అడ్వాన్సు వేస్తామని నెమ్మదిగా చెప్పండి. ఆ వారంలో ఎనిమిది గదుల బేరాన్ని మన ఊళ్ళో ఎవరూ సులువుగా వదులుకోరు, సాయంత్రానికి నంబర్లు వస్తాయి.

అదే సంభాషణలో తేల్చుకోవలసినది మరొకటి, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటివారి రాకపోకలు. చాలా హోటళ్ళలో గది తీసుకోని సందర్శకులను రాత్రి తొమ్మిది పది తర్వాత పైకి పంపరు. వారి నియమం వారికి అవసరమే. కానీ మీ నలుగురు స్థానిక మిత్రులు ప్రతి రాత్రీ రిజిస్టరులో పేరు రాసి, కుర్చీలో కూర్చుని, ఎవరో ఒకరు కిందికి వచ్చి తీసుకెళ్ళేదాకా ఎదురుచూడటం బాగుండదు. వారి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు ముందే ఇచ్చి, మూడు రాత్రులకూ అనుమతి అడగండి. ఒప్పుకోకపోతే ఇంకొక హోటల్ చూడండి. ఈ ఒక్క కారణంతో హోటల్ మార్చడం అతి అనుకోకండి.

అమెరికా నుంచి వచ్చేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో కూడా ముందే కనుక్కోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే ఆ వివరాలను హోటల్ వారు 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ అలవాటు లేని చిన్న హోటళ్ళు, మనవాళ్ళే కదా అని ముందు సరే అని, తీరా పాస్‌పోర్టు చూశాక అర్ధరాత్రి గది లేదంటాయి. ప్రయాణపు అలసటలో ఉన్న మనిషిని ఆ స్థితిలో నిలబెట్టకుండా, ఈ ప్రశ్న ఫోనులోనే స్పష్టంగా అడగండి. మిగిలినవారు ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

వేళల విషయంలో పట్టణపు హోటళ్ళలో రెండు పద్ధతులున్నాయి. కొన్ని మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయమంటాయి, కొన్ని దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటలు లెక్కిస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగేవారికి మొదటి పద్ధతిలో ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది, సాయంత్రం దిగేవారికి రెండో పద్ధతి లాభం. అందరికీ ఒకే పద్ధతి వర్తించేలా మాట్లాడుకోకపోతే, చివరి రోజు లెక్కల దగ్గర మనస్పర్ధలు వస్తాయి. అల్పాహారం గదితో కలిపి ఇస్తామంటే ఎన్నింటి వరకు అని అడగండి. రాత్రి రెండింటికి పడుకునేవారికి పది గంటలకు మూసే బఫే వల్ల ప్రయోజనం లేదు, ఆ డబ్బు తగ్గించమని అడిగి, బయట వేడి వేడి ఇడ్లీ, పెసరట్టు తినడమే మేలు. వేడినీళ్ళు రోజంతా వస్తాయో, పొద్దున్న మూడు గంటలేనో కూడా అడగండి. డిసెంబరులో ఇక్కడ చలి బాగానే ఉంటుంది.

ధర చెప్పినప్పుడు పన్నుతో కలిపి చెప్పారో లేదో తెలుసుకోండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇప్పటికీ పాత లెక్కనే చెప్పేవారు కనిపిస్తే బిల్లు చూపించమనండి. అదనపు మంచం ధర గది ధరతో పాటే రాయించుకోండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి, ఎవరైనా రాలేకపోతే ఎన్ని రోజుల ముందు చెబితే ఆ గది డబ్బు తిరిగి ఇస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. పద్నాలుగు మందిలో ఒకరిద్దరు ఆఖరి నిమిషంలో తప్పుకోవడం సహజమే.

చివరి రాత్రి శ్రీకాకుళంలో దిగుదామన్న ప్రతిపాదన నాకు నచ్చలేదు. పెట్టెలు సర్దడం, ఖాళీ చేయడం, మళ్ళీ దిగడం కలిసి ఒక పూట తినేస్తాయి, మూడో రోజుకే మీకు కబుర్లలో ఊపు వస్తుంది. ఒక మినీ బస్సు మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరితే, అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం, శ్రీకూర్మం, ఓపిక ఉంటే పొందూరు ఖద్దరు కొనుగోలు చూసుకుని చీకటి పడేసరికి తిరిగి కోట దగ్గరికి చేరవచ్చు. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, అరసవల్లిలో ఆ రోజు క్యూ ఎక్కువ. ఎవరైనా అక్కడే ఉండి తీరతామంటే, శ్రీకాకుళం రోడ్డు అన్న స్టేషను పేరు చూసి దాని దగ్గర గది తీసుకోవద్దని చెప్పండి. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, పట్టణానికి పది కిలోమీటర్లకు పైనే. ఏడు రోడ్ల కూడలి, ఆర్టీసీ కాంప్లెక్సు మధ్య ఎక్కడ దిగినా అరసవల్లికి ఆటోలో కొద్ది నిమిషాల్లో చేరవచ్చు, తిరుగు ప్రయాణం రైల్లో అయితే ఆమదాలవలస చేరడానికి కనీసం గంట ముందు బయలుదేరాలి.